డిస్క్ పోలేదు, డ్రైవర్ లేదు: అప్‌డేట్లు, డ్రైవర్లు కలిపి మన సొంత విండోస్ పెన్‌డ్రైవ్ చేసుకోవడం

వీడియో చూడకుండా నేరుగా ఇక్కడ చదివేవాళ్ళకి ముందుగా ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చాలా కమాండ్లు కొట్టాను. చదివేవాళ్ళ కోసం ప్రతి కమాండ్ ఏం చేస్తుందో మాటల్లో చెప్తున్నాను. ఎందుకు చేస్తున్నామో అర్థమైతే కమాండ్ మర్చిపోయినా పర్వాలేదు, మళ్ళీ వెతుక్కోవచ్చు.

మొదట ఒక ఫోన్ కాల్ గురించి చెప్పాలి. ఒక శుక్రవారం సాయంత్రం ఖమ్మం నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, చెల్లి లాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదు. షాపులో ఇస్తే హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వెయ్యాలి, పాతదాంట్లో ఉన్నవేవీ రావు అంటున్నారు. సోమవారం దానికి ప్రాజెక్ట్ రివ్యూ ఉంది, అన్నీ అందులోనే ఉన్నాయట. పొద్దున్నించీ అన్నం తినలేదు." చెల్లి ఫైనల్ ఇయర్ బీటెక్. కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే. బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదని అప్పుడు అడిగితే బాగోదు కదా, అడగలేదు.

జరిగింది ఏంటంటే, విండోస్ అప్‌డేట్ అవుతుండగా కరెంట్ పోయి, బ్యాటరీ కూడా అయిపోయి లాప్‌టాప్ ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ లోపలికి వెళ్ళకుండా తిరిగి తిరిగి రీస్టార్ట్ అవుతోంది. షాపులో విండోస్ కొత్తగా వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టారు. ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యాలి అని అడిగే స్క్రీన్‌లో లిస్ట్ మొత్తం ఖాళీ. డ్రైవ్‌లేమీ దొరకలేదు అని మెసేజ్. అది చూసి డిస్క్ పోయిందన్నారు.

నేను బాబాయ్‌ని ఒకటే అడిగాను. "షాపులో బయోస్ ఓపెన్ చేసి చూడమను, అందులో ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు కనపడుతున్నాయా?" పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. పేరు ఉంది, 512 జీబీ అని సైజు కూడా ఉంది. ప్రాసెసర్ ఇంటెల్ 11వ జనరేషన్.

అక్కడితో నాకు సగం విషయం అర్థమైంది. బయోస్‌కి కనపడుతున్న డిస్క్ విండోస్ సెటప్‌కి కనపడకపోతే, డిస్క్ పోయిందని అనుకునే ముందు డ్రైవర్ ఉందా లేదా చూడాలి.

అసలు డిస్క్ ఎందుకు కనపడదు?

ఇంటెల్ 2020లో 11వ జనరేషన్ లాప్‌టాప్ ప్రాసెసర్లు, అంటే టైగర్ లేక్, తెచ్చినప్పటి నుంచి చాలా లాప్‌టాప్‌లు వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి వస్తున్నాయి. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని దాని పూర్తి పేరు. మామూలుగా అయితే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని విండోస్ తన దగ్గరున్న డ్రైవర్‌తో నేరుగా పలకరిస్తుంది. వీఎండీ ఆన్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీ దాని వెనకాల ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నట్టు. వాచ్‌మన్‌తో మాట్లాడే భాష, అంటే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్, మన పెన్‌డ్రైవ్‌లో లేకపోతే లోపల ఇల్లుందన్న సంగతి కూడా సెటప్‌కి తెలీదు.

ఇది కొత్త సమస్య కూడా కాదు. ఎక్స్‌పీ రోజుల్లో సాటా డిస్క్‌లు కొత్తగా వచ్చినప్పుడు ఇదే గోల. సెటప్ మొదలవ్వగానే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవర్ ఇవ్వాలి, లేకపోతే బ్లూ స్క్రీన్. ఆ ఫ్లాపీ బాధ పడలేకే చాలామంది ఎన్‌లైట్ లాంటి టూల్స్‌తో డ్రైవర్లు సీడీలోనే కలుపుకునేవాళ్ళు. తర్వాత 2015లో స్కైలేక్ బోర్డులు వచ్చాక విండోస్ 7 వేసేవాళ్ళకి ఇంకో రకం. పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు, కొత్త యూఎస్‌బీ 3 కంట్రోలర్‌కి విండోస్ 7లో డ్రైవర్ లేదు. సెటప్ వస్తుంది గానీ కీబోర్డ్ పనిచెయ్యదు, మౌస్ కదలదు. అప్పుడూ మందు ఒకటే, డ్రైవర్‌ని ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌లో ముందే కలిపేయడం.

అప్‌డేట్లు కలపడానికి కూడా ఇలాంటి కథే ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ వచ్చినప్పుడు, మైక్రోసాఫ్ట్ దాని ప్యాచ్‌ని జూలైలోనే ఇచ్చేసింది. కానీ పాత సీడీతో ఎక్స్‌పీ వేసి, ప్యాచ్ దించుకుందామని నెట్ కలిపితే, ప్యాచ్ దిగేలోపే వార్మ్ ఎక్కేది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పటికే ప్యాచ్ లోపల ఉండాలన్న పాఠం అక్కడ నేర్చుకున్నారు. ఇప్పుడు ఫైర్‌వాల్ ముందు నుంచే ఆన్‌లో ఉంటుంది కాబట్టి అంత భయం లేదు. కానీ విండోస్ 11 నెలవారీ అప్‌డేట్ ఇప్పుడు గిగాబైట్లలో ఉంటోంది. 30 సిస్టమ్స్ ఉన్న ఒక కాలేజీ ల్యాబ్‌లో విండోస్ వేసి, అన్నింటినీ ఒకేసారి నెట్‌కి కలిపితే ఆ రోజు ల్యాబ్ జరిగినట్టే!

ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు విండోస్‌లు

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

ఆ శుక్రవారం రాత్రి కూర్చుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 ఐఎస్‌ఓ దించాను. ఇంటెల్ డ్రైవర్ దించాను. ఐఎస్‌ఓ లోపల సోర్సెస్ అనే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అని పెద్ద ఫైల్ ఉంటుంది, అసలు విండోస్ అదే. దాంట్లో డ్రైవర్ కలిపాను. పెన్‌డ్రైవ్ రెడీ. పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం వెళ్ళాను. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చున్నారు, పిన్ని టీ తెచ్చింది, నేను హీరోలా పెన్‌డ్రైవ్ పెట్టాను.

అదే స్క్రీన్. లిస్ట్ ఖాళీ. డ్రైవ్‌లేమీ దొరకలేదు.

నిజం చెప్పాలంటే ఒక పది నిమిషాలు నేను కూడా డిస్క్ పోయిందనే అనుకున్నాను. ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ చదువూ ఉద్యోగమూ కలిపి చేసినవాడిని, బాబాయ్ మొహం చూడలేకపోయాను. అప్పుడు చెల్లి అడిగింది. "అన్నయ్యా, డ్రైవర్ కలిపానన్నావు కదా. మరి ఇప్పుడు స్క్రీన్ మీద నడుస్తున్నదానికి అది ఎందుకు తెలీట్లేదు?"

ఇప్పుడు నడుస్తున్నది. ఆ మాట దగ్గరే తట్టింది.

స్క్రీన్ మీద నడుస్తున్నది నేను డ్రైవర్ కలిపిన విండోస్ కాదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేది బూట్ డాట్ విమ్ అని వేరే ఫైల్. అందులో విండోస్ పీఈ అనే చిన్న విండోస్ ఉంటుంది. అది ర్యామ్‌లోకి ఎక్కి, సెటప్ స్క్రీన్ చూపించి, డిస్క్ వెతికి, అప్పుడు ఇన్‌స్టాల్ డాట్ విమ్‌ని తీసి డిస్క్ మీద పరుస్తుంది. అంటే పెళ్ళికొడుక్కి బట్టలు కుట్టించి, పెళ్ళి దగ్గరుండి చేయించాల్సిన పంతుల్ని పిలవడం మర్చిపోయాను.

సో, లెక్క ఇలా వేసుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు విండోస్‌లు ఉంటాయి.

ఒకటి, బూట్ డాట్ విమ్. ఇన్‌స్టాల్ చేసేది. ఇందులో మళ్ళీ రెండు ఇండెక్స్‌లు ఉంటాయి. మొదటిది మామూలు విండోస్ పీఈ, రెండోది విండోస్ సెటప్. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయితే నడిచేది రెండోది.

రెండు, ఇన్‌స్టాల్ డాట్ విమ్. డిస్క్ మీదకి వెళ్ళేది. ఇందులో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో, ఇలా ఒక్కో ఎడిషన్‌కి ఒక్కో ఇండెక్స్.

మూడు, విన్‌ఆర్‌ఈ డాట్ విమ్. ఇది ఇన్‌స్టాల్ డాట్ విమ్ కడుపులో, సిస్టమ్32 లోని రికవరీ ఫోల్డర్‌లో దాక్కుని ఉంటుంది. రేపు విండోస్ పాడైతే రిపేర్ చెయ్యడానికి వచ్చే విండోస్ ఇదే.

స్టోరేజ్ డ్రైవర్ ఈ మూడింటికీ కావాలి. బూట్‌లో లేకపోతే సెటప్‌కి డిస్క్ కనపడదు. ఇన్‌స్టాల్‌లో లేకపోతే కాపీ అంతా అయ్యి, రీస్టార్ట్ అయ్యాక బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదం. విన్‌ఆర్‌ఈలో లేకపోతే ఈరోజు అంతా బాగుంటుంది, ఏడాది తర్వాత విండోస్ పడిపోయినప్పుడు రిపేర్ స్క్రీన్‌కి డిస్క్ కనపడక మళ్ళీ షాపుకే వెళ్తాం.

మరి ఆరోజు ఏం చేశాను? అదృష్టం కొద్దీ డ్రైవర్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోనే ఒక మూల పడేసి ఉంచాను. అదే స్క్రీన్‌లో లోడ్ డ్రైవర్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 9ఏ0బీ అని వచ్చింది. నెక్స్ట్ కొట్టగానే 512 జీబీ డిస్క్, దాని పార్టిషన్లు అన్నీ లిస్ట్‌లోకి వచ్చాయి. ఇన్‌స్టాల్ నొక్కలేదు, అది నొక్కితే డేటా పోతుంది. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే సెటప్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం ఉంది. చెల్లి తన మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌లోకి ఫోన్‌లో వెళ్ళి 48 అంకెల రికవరీ కీ చదివింది, నేను కొట్టాను. ప్రాజెక్ట్ ఫోల్డర్, ఫోటోలు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ అయ్యాక అప్పుడు ఫార్మాట్ చేశాం. సోమవారం రివ్యూ అయిపోయింది.

"మరి లోడ్ డ్రైవర్ బటన్ ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీరు అడగొచ్చు. కరెక్టే. మీకున్నది ఒకే లాప్‌టాప్ అయితే బటన్ చాలు, డ్రైవర్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి చాలు. కానీ ఆ షాపులో రోజూ లాప్‌టాప్‌లు వస్తూనే ఉంటాయి. ఖాళీ లిస్ట్ చూసి డిస్క్ పోయిందనుకున్న షాపతను మోసగాడు కాదు, అతని పెన్‌డ్రైవ్ పాతది, అంతే. డ్రైవర్ ముందే లోపల ఉండి ఉంటే ఆ లిస్ట్ ఖాళీగా వచ్చేదే కాదు, ఆ తప్పు మాట వచ్చేదే కాదు. అందుకే వారం తర్వాత కూర్చుని సరిగ్గా ఒకటి తయారుచేశాను. ఇప్పుడు దాన్నే స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్టెప్ 1: సరుకు తెచ్చుకోవడం

ఐఎస్‌ఓ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించండి. డౌన్‌లోడ్ పేజీలోనే షా-256 హ్యాష్ ఇస్తారు. పవర్‌షెల్‌లో గెట్ ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఫైల్ చూపిస్తే వచ్చే నంబర్, ఆ పేజీలోని నంబర్ ఒకటే అవ్వాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పక్కన పెట్టేయండి.

టెలిగ్రామ్‌లో, టొరెంట్‌లో "అన్ని అప్‌డేట్లు, అన్ని డ్రైవర్లు కలిపిన లైట్ విండోస్" అని దొరుకుతుంటాయి. వాడొద్దు అని ఊరికే చెప్పట్లేదు. 2023 జూన్‌లో డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ కంపెనీ, అలాంటి పైరేటెడ్ విండోస్ 10 ఐఎస్‌ఓల్లో క్లిప్పర్ ట్రోజన్‌ని పట్టుకుంది. మీరు క్రిప్టో అడ్రస్ కాపీ చేస్తే, పేస్ట్ చేసేటప్పటికి దొంగ అడ్రస్ పెట్టేస్తుంది. అది వెళ్ళి కూర్చున్నది ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, యాంటీవైరస్‌లు మామూలుగా తొంగిచూడని చోట. మనం ఇప్పుడు చెయ్యబోయే పనే వాళ్ళూ చేశారు. ఇమేజ్ విప్పారు, ఒకటి కలిపారు, మళ్ళీ మూశారు. ఎవరు విప్పి మూశారో తెలియని ఇమేజ్ మీద మన బ్యాంక్ పాస్‌వర్డ్‌లు కొట్టడం ఎందుకు?

ఐఎస్‌ఓని మౌంట్ చేసి లోపలున్నదంతా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఐఎస్‌ఓ నుంచి వచ్చిన ఫైల్స్‌కి రీడ్ ఓన్లీ టిక్ ఉంటే తీసెయ్యండి, లేకపోతే తర్వాత మౌంట్ దగ్గర యాక్సెస్ డినైడ్ వస్తుంది. కనీసం 30 జీబీ ఖాళీ ఉంచుకోండి.

సోర్సెస్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ బదులు ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీ కనిపిస్తే, మీరు మీడియా క్రియేషన్ టూల్‌తో దించారని అర్థం. ఈఎస్‌డీ బాగా గట్టిగా కుదించిన ఫైల్, దాన్ని విప్పి మార్పులు చెయ్యలేం. డిస్మ్‌లో ఎక్స్‌పోర్ట్ ఇమేజ్ అనే కమాండ్‌తో విమ్‌గా మార్చుకోవాలి. డిస్మ్ అంటే ఈ పనులన్నీ చేసే టూల్, విండోస్‌లోనే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చెయ్యడం మాత్రం మర్చిపోవద్దు.

డ్రైవర్ల విషయానికొస్తే, ఇమేజ్‌లోకి వెళ్ళేది ఐఎన్‌ఎఫ్ ఫైల్ ఉన్న డ్రైవర్ మాత్రమే. సెటప్ డాట్ ఈఎక్స్‌ఈ పనికిరాదు. ఇంటెల్ ఇచ్చే సెటప్ ఆర్‌ఎస్‌టీ ఫైల్‌ని ఎక్స్‌ట్రాక్ట్ డ్రైవర్స్ అనే స్విచ్ పెట్టి రన్ చేస్తే లోపలి ఐఎన్‌ఎఫ్‌లు బయటకి వస్తాయి. ఏ వర్షన్ ఏ జనరేషన్‌కి పనిచేస్తుందో డౌన్‌లోడ్ పేజీలో రాసి ఉంటుంది, చూసుకుని తీసుకోండి.

ఇంకో మంచి దారి ఉంది. అదే మోడల్ లాప్‌టాప్ బాగా నడుస్తున్నది మీ దగ్గర ఒకటి ఉంటే, అందులో డిస్మ్‌కి ఆన్‌లైన్, ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అని చెప్పి ఒక ఫోల్డర్ చూపించండి. కంపెనీల డ్రైవర్లు అన్నీ, వైఫై, టచ్‌ప్యాడ్, స్టోరేజ్, నీట్‌గా ఫోల్డర్లుగా వచ్చేస్తాయి. కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ఒకే మోడల్ ఉంటాయి కాబట్టి అక్కడ ఇది బంగారం.

స్టెప్ 2: ఏ ఎడిషన్ కావాలి?

డిస్మ్‌లో గెట్ విమ్ ఇన్ఫో కొడితే లోపలున్న ఎడిషన్లు, వాటి ఇండెక్స్ నంబర్లు కనిపిస్తాయి. అన్ని ఎడిషన్లకీ అప్‌డేట్ కలపాలంటే ప్రతిదానికీ విడివిడిగా చెయ్యాలి. నా సిస్టమ్‌లో ఒక్కోదానికి అరగంట పైనే పట్టింది. కాబట్టి కావాల్సిన ఒకటి రెండు ఎడిషన్లనే ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త విమ్ చేసుకోండి.

ఇక్కడ చాలామంది ప్రో ఒక్కటే ఉంచుకుంటారు. జాగ్రత్త. మన దగ్గర షోరూమ్‌లో కొన్న లాప్‌టాప్‌ల్లో ఎక్కువగా వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దాని కీ మదర్‌బోర్డ్‌లోని ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, సెటప్ దాన్ని చదివి ఆ ఎడిషన్ కోసం వెతుకుతుంది. మీ ఇమేజ్‌లో అది లేకపోతే, ప్రాడక్ట్ కీ ఏ ఇమేజ్‌కీ సరిపోవట్లేదని ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు జనం క్రాక్‌ల వెంట పడతారు. డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ బోర్డ్‌లోనే ఉంది, దానికి తగ్గ ఎడిషన్ పెట్టుకుంటే చాలు.

స్టెప్ 3: విప్పడం, కలపడం, మూయడం

మౌంట్ ఇమేజ్ కమాండ్‌తో విమ్‌ని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి విప్పుతాం. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో ఒక పూర్తి సి డ్రైవ్ కనిపిస్తుంది. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, అన్నీ. నడవట్లేదు, నిద్రపోతోంది అంతే.

నేను పాటించే వరస ఇది.

ముందు ఇన్‌స్టాల్ విమ్‌ని మౌంట్ చేస్తాను. దాని లోపలి విన్‌ఆర్‌ఈని బయటికి కాపీ చేసి, దాన్ని వేరే ఫోల్డర్‌లో మౌంట్ చేసి, స్టోరేజ్ డ్రైవర్ కలిపి, మూసి, తిరిగి దాని చోట పెడతాను.

తర్వాత ఇన్‌స్టాల్ విమ్‌లో యాడ్ ప్యాకేజ్ కమాండ్‌తో క్యుములేటివ్ అప్‌డేట్. దీన్ని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్ నుంచి దించుకోవాలి, మీ వర్షన్‌దే అయ్యుండాలి. పాత రోజుల్లో సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ ముందు, ఇది తర్వాత అని గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. 2021 నుంచి రెండూ కలిపే ఇస్తున్నారు. విండోస్ 11 24హెచ్2 నుంచి మాత్రం చెక్‌పాయింట్ అని ఒక పద్ధతి వచ్చింది. క్యాటలాగ్‌లో డౌన్‌లోడ్ నొక్కితే రెండు ఫైల్స్ రావచ్చు. ఒకటి చెక్‌పాయింట్, రెండోది ఈ నెలది. రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అందులో ఇంకే ఎంఎస్‌యూ ఫైలూ లేకుండా చూసి, ఈ నెలదాన్ని చూపిస్తే చెక్‌పాయింట్‌ని డిస్మే వెతుక్కుంటుంది. చిన్న ఫైల్ ఎందుకులే అని ఒకటి వదిలేస్తే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రర్ చదివితే మాత్రం సంగతి ఏంటో అర్థం కాదు.

అప్‌డేట్ అయ్యాక క్లీనప్ ఇమేజ్, స్టార్ట్ కాంపోనెంట్ క్లీనప్, రీసెట్ బేస్. కొత్తది వచ్చాక పనికిరాని పాత ఫైల్స్‌ని తీసేస్తుంది. రీసెట్ బేస్ వాడితే ఆ అప్‌డేట్‌ని తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలేమని గుర్తుంచుకోండి. డాట్‌నెట్ 3.5 కూడా పెట్టాలనుకుంటే ఈ క్లీనప్ అయ్యాకే పెట్టండి. ముందే పెడితే పెండింగ్ పనులున్నాయని క్లీనప్ మొరాయిస్తుంది.

ఆ తర్వాత డ్రైవర్లు. యాడ్ డ్రైవర్, ఫోల్డర్ దారి, చివర రికర్స్. రికర్స్ పెడితే లోపలి సబ్ ఫోల్డర్లన్నీ తిరిగి ప్రతి ఐఎన్‌ఎఫ్‌నీ తీసుకుంటుంది. నాలుగైదు మోడల్స్ డ్రైవర్లు కలిపినా గొడవ లేదు, ఏ హార్డ్‌వేర్‌కి ఏది సరిపోతుందో ప్లగ్ అండ్ ప్లే చూసుకుంటుంది. వైఫై డ్రైవర్ మాత్రం తప్పకుండా పెట్టండి. విండోస్ 11 మొదటి సెటప్‌లోనే ఇంటర్నెట్ అడుగుతుంది. వైఫై డ్రైవర్ లేకపోతే నెట్‌వర్క్ ఎంచుకోమంటుంది, ఒక్క నెట్‌వర్కూ చూపించదు! సంతకం లేని డ్రైవర్‌ని బలవంతంగా ఎక్కించే ఫోర్స్ అన్‌సైన్డ్ అనే స్విచ్ ఒకటుంది. దాన్ని మర్చిపోండి.

చివరగా గెట్ డ్రైవర్స్ కొట్టి నిజంగా ఎక్కాయో లేదో చూసి, అన్‌మౌంట్ కమిట్. కమిట్ అంటే సేవ్. డిస్కార్డ్ అంటే చేసిందంతా నీళ్ళపాలు. అన్‌మౌంట్ చేసేముందు ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో ఓపెన్ ఉంటే మూసెయ్యండి. లేకపోతే సగంలో ఆగిపోతుంది. ఆగిపోతే క్లీనప్ మౌంట్ పాయింట్స్ అనే కమాండ్ ఉంది, కంగారుపడి ఫోల్డర్ డిలీట్ కొట్టొద్దు.

ఇప్పుడు బూట్ డాట్ విమ్. నేను ఖమ్మంలో పరువు పోగొట్టుకున్న ఫైల్ ఇదే. ఇండెక్స్ 2 మౌంట్ చేసి స్టోరేజ్ డ్రైవర్ కలపండి. వీలైతే ఇండెక్స్ 1కి కూడా. ఇది ర్యామ్‌లో నడిచే విండోస్ కాబట్టి గ్రాఫిక్స్, సౌండ్ డ్రైవర్లు దీంట్లో కుక్కొద్దు. డిస్క్ కనపడటానికి ఏది కావాలో అంతే. మొదటిసారి చేసేవాళ్ళు బూట్ విమ్‌లో డ్రైవర్ వరకే పెట్టుకోండి. దీన్నీ అప్‌డేట్ చేస్తే, అప్‌డేట్ అయిన సెటప్ ఫైల్స్‌ని లోపల్నుంచి తీసి పెన్‌డ్రైవ్ సోర్సెస్ ఫోల్డర్‌లో కూడా మార్చాలి. రెండు చోట్ల వర్షన్ తేడా వస్తే సెటప్ మధ్యలో ఆగిపోవచ్చు.

స్టెప్ 4: పెన్‌డ్రైవ్

క్లీనప్ చేశాక కూడా ఇన్‌స్టాల్ విమ్ సైజు తగ్గలేదని కంగారుపడొద్దు. విమ్‌లో తీసేసినవాటి చోటు వెంటనే ఖాళీ అవ్వదు. ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ ఇమేజ్ చేసి కొత్త ఫైల్‌గా రాస్తేనే తగ్గుతుంది.

అయినా 4 జీబీ దాటుతుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తేనే అన్ని లాప్‌టాప్‌లూ యూఈఎఫ్‌ఐలో బూట్ చేస్తాయి, కానీ ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ మించకూడదు. అందుకే స్ప్లిట్ ఇమేజ్ కమాండ్‌తో 3,800 ఎంబీ ముక్కలు చేయాలి. ఎస్‌డబ్ల్యూఎం అనే ఫైల్స్ వస్తాయి. పెద్ద విమ్ తీసేసి వీటిని సోర్సెస్‌లో పెడితే సెటప్ తానే కలుపుకుంటుంది. తర్వాత మొత్తం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యడమే. ఐఎస్‌ఓ ఫైలే కావాలంటే విండోస్ ఏడీకేలో ఓఎస్‌సీడీఇమేజ్ అనే టూల్ ఉంది.

డిస్మ్ జోలికి అసలు వెళ్ళలేం అనుకునేవాళ్ళకి ఒక చిట్కా. పెన్‌డ్రైవ్ మొదట్లోనే ఒక ఫోల్డర్ చేసి, దానికి ముందు డాలర్ గుర్తు, మధ్యలో విన్‌పీఈడ్రైవర్, చివర మళ్ళీ డాలర్ గుర్తు, ఇలా పేరు పెట్టి స్టోరేజ్ డ్రైవర్ అందులో వెయ్యండి. సెటప్ ఆ పేరున్న ఫోల్డర్ కోసం తనే చూసి డ్రైవర్ ఎక్కించుకుంటుంది. ఇమేజ్ విప్పక్కర్లేదు. అప్‌డేట్లు, విన్‌ఆర్‌ఈ సంగతి దీంతో తీరదు గానీ ఖాళీ లిస్ట్ బాధ తీరుతుంది.

"బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే సరిపోతుంది కదా" అని కొందరంటారు. ఖాళీ డిస్క్‌కైతే సరే. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ ఆప్షనే కనిపించదు. పైగా లోపల ఆల్రెడీ విండోస్ ఉన్న సిస్టమ్‌లో ఆఫ్ చేస్తే ఆ విండోస్ బూట్ అవ్వకపోవచ్చు, బిట్‌లాకర్ కీ అడగొచ్చు. కీ ఎక్కడుందో తెలీకపోతే ఉన్న డేటా కూడా అందకుండా పోతుంది.

తయారైన పెన్‌డ్రైవ్‌ని ముందు మీ దగ్గరున్న ఒక ఖాళీ మెషీన్‌లో టెస్ట్ చెయ్యండి. ల్యాబ్‌లో 30 సిస్టమ్స్ ముందు నిలబడి మొదటిసారి టెస్ట్ చెయ్యకండి. నేను ఖమ్మంలో చేసిన పని అదే.

చివరి మాట

ఆ పెన్‌డ్రైవ్ ఇంకొకటి చేసి ఖమ్మం షాపతనికి ఇచ్చాను. మొదట కొంచెం మొహమాటపడ్డాడు, తర్వాత ఏ ఫోల్డర్‌లో ఏముందో శ్రద్ధగా రాసుకున్నాడు. నెల తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకో లాప్‌టాప్ వచ్చింది, మీ పెన్‌డ్రైవ్ పెట్టినా డిస్క్ కనపడట్లేదు." బయోస్‌లో ఉందా అని అడిగాను. "అక్కడ కూడా లేదన్నా. తీసి వేరే దాంట్లో పెట్టి చూశా, అక్కడా లేదు. ఇది నిజంగానే పోయింది." ఈసారి ఆ మాట చెప్పే ముందు మూడు చోట్ల చూశాడు.

ఆ మాట వినే మనిషికి డిస్క్ పోయింది అంటే ఫోటోలు పోయాయి, చదువు పోయింది అని అర్థం. చెప్పేముందు బయోస్ చూడండి, డ్రైవర్ చూడండి, అప్పుడు చెప్పండి. ఇక మీరు, ఈ ఎపిసోడ్ పక్కన పెట్టి, ముందు మీ బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి, ఒక బ్యాకప్ తీసుకోండి. మా చెల్లి ఇప్పుడు రెండు చోట్ల పెట్టుకుంటోంది.

డౌట్స్ ఉంటే అడగండి, లాప్‌టాప్ మోడల్, జనరేషన్ రాస్తే నాకు ఈజీ. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.